బక్రీదుకి నతానియేలు వండించిన కూర

కంకిపాడు సెంటర్లో నతానియేలు కంటపడకుండా నడవడం ఒక విద్య. ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరైన మనిషి. సర్వీసులో ఉన్నన్నాళ్ళూ బెజవాడ నుంచి పామర్రు దాకా టిక్కెట్టుతో పాటు బైబిలు వాక్యం కూడా ఇచ్చేవాడు. త్రిత్వం అంటే ఏంటండీ అని ఎవరైనా నోరు జారితే, వాళ్ళు దిగాల్సిన స్టాపు దాటిపోయినా వదిలేవాడు కాదు. అబ్బో, నోరా అది! పాస్టరు గారు కూడా ఆయన్ని దూరం నుంచి చూస్తే ఫోను చెవికి ఆనించుకుని పక్క సందులోకి తిరిగిపోయేవారు.

అంతటి మనిషికి సరిజోడు ఒక్కడే దొరికాడు, టైలరు కరీముల్లా. ఒకరినొకరు బావా అని పిలుచుకుంటారు. సాయంత్రమైతే కరీముల్లా కొట్లో చేరి టీ తాగుతారు, పోట్లాడుకుంటారు. ఎన్ని ఉన్నా అసలు తగాదా ఒకటే. బక్రీదు పండక్కి మూలమైన ఆ బలికి అబ్రాహాము కొండ మీదికి తీసుకెళ్ళింది ఏ కొడుకుని?

“ఇస్సాకునే! బైబిల్లో పేరుతో సహా ఉంది. మీ ఖురాన్‌లో పేరే లేదుగా,” అనేవాడు నతానియేలు.

“ఒక్కగానొక్క కొడుకని కూడా మీ బైబిల్లోనే ఉందిగా బావా! ముందు పుట్టింది ఇష్మాయేలు. మరి ఇస్సాకు ఒక్కగానొక్కడు ఎట్టా అయ్యాడు?” కరీముల్లా కత్తెర ఆడిస్తూ అడిగేవాడు.

“దేవుడి వాగ్దానం పొందింది అతనొక్కడే గదయ్యా! కావాలంటే యూదుల్నడుగు, వాళ్ళూ ఇస్సాకనే అంటారు. మాకు రెండు ఓట్లు, నీకు ఒకటి!”

ఆ వేడిలో ఎవరి చొక్కాకో ఒక చెయ్యి పొట్టిగా కుట్టేసేవాడు కరీముల్లా. అయినా ప్రతి బక్రీదుకీ నతానియేలు ఇంటికి కూర గిన్నె వచ్చేది. “ఇష్మాయేలు పంపించాడని చెప్పండి,” అని కబురు కూడా దాంతోనే వచ్చేది. నతానియేలు ఆ కబురు వదిలేసి కూర తినేవాడు.

ఈ ఏడు ఈస్టరుకి ముందు కరీముల్లాకి గుండెనొప్పి వచ్చింది. విజయవాడ తీసుకెళ్ళి స్టెంటు వేయించారు. హడలిపోయిన భార్య జైనబ్‌బీ, ఇక జన్మలో ఎవరితోనూ వాదన పెట్టుకోనని మొగుడి చేత ఒట్టు వేయించుకుంది. ఆ సంగతి నతానియేలుకి తెలియదు. కొట్టు మళ్ళీ తెరిచిన రోజునే ఆవురావురుమంటూ వెళ్ళి కూర్చున్నాడు.

“ఇంతకీ ఇస్సాకేగా బావా?”

“నువ్వన్నదే నిజం బావా. ఇస్సాకే.”

నతానియేలు తన చెవుల్ని తనే నమ్మలేకపోయాడు. ఆదివారం చర్చిలో సంఘం ముందు నిలబడి ఈ విజయం గురించి సాక్ష్యం చెప్పాడు. అందరూ చప్పట్లు కొట్టారు. తీరా ఇంటికొచ్చాక భార్య అమలమ్మ వడ్డించిన అన్నం సహించలేదు. ఎందుకో ఆయనకే అంతుపట్టలేదు.

మర్నాడు కొట్లో కావాలనే అన్నాడు: “మోషే ఓడ కట్టి జంతువులన్నిటినీ ఎక్కించాడు గదా బావా.”

“ఎక్కించే ఉంటాడులే,” అన్నాడు కరీముల్లా తలెత్తకుండా.

ఓడ కట్టింది నోవహు అని సండే స్కూలు పిల్లల్ని లేపి అడిగినా చెబుతారు. మునుపటి కరీముల్లా అయితే కత్తెర విసిరికొట్టి లేచేవాడు! నతానియేలు టీ వదిలేసి లేచాడు. తిన్నగా జైనబ్‌బీ దగ్గరికి పోయి ఏం జరిగిందమ్మా అని అడిగాడు.

“ఒట్టు వేయించుకుంది నేనే అన్నయ్య గారూ. డాక్టరు గారేమో మనిషిని మామూలుగా ఉండనివ్వమన్నారు. ఒట్టు తీసేశానన్నా వినట్లేదు. ఇంట్లో కూడా మాటా పలుకూ లేదు. మీరే ఏదో ఒకటి చెయ్యండి,” అని ఆమె ఏడ్చింది.

బక్రీదు వచ్చింది. నతానియేలు పొద్దున్నే హలాల్ కొట్లో మాంసం తెచ్చి, నూనె తగ్గించి అమలమ్మ చేత వండించాడు. గిన్నె పట్టుకుని కరీముల్లా ఇంటికి వెళ్ళాడు.

“ఇస్సాకని ఒప్పుకున్నావుగా బావా. అంటే ఈ పండగ మాది. ఇక నుంచి కూర మేమే పంపుతాం. యూదులూ మేమూ కలిసి తీర్మానం చేసేశాం.”

కరీముల్లా గిన్నె వంక చూశాడు. చెవులు ఎర్రబడ్డాయి.

“ఏంటీ? తీర్మానమా? ఇస్సాకు దగ్గరైతే యూదుల ఓటు కావాలి. యేసు మెస్సీయా కాదని, రక్షకుడే కాదని వాళ్ళంటే మాత్రం ఆ ఓటు చెల్లదా? ఇదెక్కడి ఎలక్షన్ బావా? పైగా ఓడ కట్టింది మోషేనా? సిగ్గుండాలి, అన్నేళ్ళు వాక్యం చెప్పావు!”

నతానియేలు నోరు తెరిచాడు.  “అది... అది వేరులే,” అని నసిగాడు.

“ఏం వేరు? చెప్పు! చెప్పందే కదలనివ్వను!” కరీముల్లా గొంతు వీధి చివరి దాకా వినబడింది. లోపల జైనబ్‌బీ కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూ రెండు కంచాలు పెట్టింది.

ఎప్పటికో ఇల్లు చేరిన మొగుణ్ణి చూసి అమలమ్మ కంగారుగా ఏమైందండీ అంది.

“ఓడిపోయానే! చిత్తుగా ఓడిపోయాను. నాకు నోట మాట రాలేదే అమలా,” అంటూ నతానియేలు కళ్ళు తుడుచుకుని నవ్వాడు. కళ్ళజోడు ఎక్కడ పెట్టావంటూ కేకలేసి, బైబిలు ముందేసుకుని, రేపు సాయంత్రానికి జవాబు వెతకడం మొదలుపెట్టాడు.