గొయ్యి మీది పట్టా

మా మేస్త్రీని తలచుకుంటే ఇప్పటికీ ఉమ్మెయ్యాలనిపిస్తుంది. దైవాన్ని నమ్మినవాడికి ఇంత అసహ్యం తగదని తెలుసు. అయినా ఉంది.

పరాయి దేశంలో మేముండే కూలీల క్యాంపు కంచె అవతలే మేం పనిచేసే కరెంటు ప్లాంటు. బాయిలర్లలో చిక్కటి నల్లనూనె మండేది. లోపల పేరుకున్న బూడిదను గీకి కంచె పక్కన గోతిలో పోసేవాళ్ళం. గొయ్యి నిండితే మందపాటి ప్లాస్టిక్ పట్టా పరిచి, పైన మట్టి కప్పాలి. "విషమండీ, వట్టి చేతుల్తో ముట్టుకోకండి" అని మాకు నేర్పింది మేస్త్రీయే.

ఆ గొయ్యి నిండిన వారమే ఇరాక్ సైన్యం దిగింది. ఇంజినీర్లు కార్లెక్కి పోయారు. గొయ్యి మీద పరచాల్సిన పట్టా చుట్ట మేస్త్రీ గదికి చేరింది.

ఆయనది కోనసీమ. శుక్రవారం భజనకు ఆయనే పెద్ద. భక్తి లేని పాటకు తాళం ఎంత కుదిరినా దండగేనని చిన్నప్పుడు మఠంలో నాకు చెప్పారు. ఈయనకు తాళం ఒక్కటే కుదిరేది.

సబ్బు దొరకడం మానేసింది. మా కడప వంటాయన, నేను చిన్నాయనా అని పిలిచే మనిషి, ఊళ్ళో పొయ్యి బూడిదతో గిన్నెలు తోమినవాడు. గోతిలోంచి బకెట్టు నింపుకొచ్చాడు. మూడో రోజుకు అరచేతులు పగిలి రసి కారింది.

"ఆ బూడిదతో తోమమని ఎవురు చెప్పినారు చిన్నాయనా?"

"మేస్త్రీనే అడిగితినప్పా. బూడిదంటే శుద్ధే, ప్రసాదం గిన్నెలు తళతళలాడాల అన్న్యాడు."

గదికి వెళ్ళేసరికి మేస్త్రీ ఆ పట్టాలో టీవీ చుట్టి, పురికొసతో కుడుతున్నాడు. ఆయన జోర్డాన్ పోయే బస్సు మర్నాడు; మా వంతు ఇంకా రాలేదు.

"పట్టా ఇయ్యి మేస్త్రీ. గాలి లేస్తే ఆ బూడిదంతా మా అన్నంలోకే."

"దేశమే పోతుంటే గొయ్యంటారేంటండీ! బస్సు మీద నా టీవీ పాడైపోద్ది. మిగతాది దేవుడే చూసుకుంటాడు."

"నీ టీవీని చూసుకోలేడా దేవుడు?"

పక్క మంచాలవాళ్ళు నవ్వారు. ఆయన హార్మోనియం తీసుకుని లేచాడు. ఆ రోజు శుక్రవారం.

ఆ గదిలోనే జరిగే భజనలో, పాటల నడుమ పంచే ప్రసాదానికి చిన్నాయన గుడ్డకట్టు చేతులు చాచాడు. మేస్త్రీ కట్టు తగలకుండా జానెడు పైనుంచి ప్రసాదం జారవిడిచి, మళ్ళీ పాట ఎత్తుకున్నాడు. మంగళహారతి కాకుండా భజన పెద్ద లేవకూడదన్నది మా క్యాంపు ఆచారం. నేను లేచాను. నాతో మరో నలుగురు లేచారు.

పురికొస కోసి, టీవీని మంచం మీద కూర్చోబెట్టి, పట్టాను ఆయన కళ్ళముందే గుమ్మంలోంచి ఈడ్చుకుపోయాం. ఆయన చూశాడు. గొంతు ఒక్కసారిగా పైకి పోయింది. అందరూ చూస్తుండగా లేచే ధైర్యం మాత్రం రాలేదు.

గొయ్యి మీద పట్టా పరిచాం. పారలతో మట్టి ఎత్తిపోస్తుంటే, చేతులు పనికిరాని చిన్నాయన గాలికి లేవకుండా అంచు మీద నిలబడి తొక్కిపెట్టాడు. లోపల మేస్త్రీ పాడుతూనే ఉన్నాడు, తాళం తప్పి.