ఐసులో జలగపిల్లలు

పెళ్లిచూపుల్లో చెప్పుకోలేని ఉద్యోగం నాది. గొర్రెల కార్జంలో బతికే జలగల మీద పరిశోధన. ఈ జలగ మొదట నత్తలో పెరుగుతుంది, తరవాత గడ్డికి అంటుకుంటుంది, గడ్డితోపాటు గొర్రెలోకి పోతుంది. జన్యువులు మొదటినుంచీ అవే. ఏ దశలో ఏవి పనిచేస్తాయి, ఏవి ఊరుకుంటాయి అన్నదే నేను చూసేది. పిల్ల జలగలో కండను కరిగించి దారి చేసే జన్యువులు చురుగ్గా ఉంటాయి. పెద్దదయ్యాక గుడ్లు పెట్టించేవి మొదలవుతాయి.

మా మామ అల్లూరు దగ్గర గొర్రెలు కాస్తాడు. కోతలయ్యాక రైతులు ఎరువు కోసం ఆయన్ని పిలిచి తమ చేలో మంద కట్టించుకుంటారు. ఈసారి పిలిచింది కాలవ పక్క చేనుకి, అక్కడంతా నత్తలే. మందలో సగం చూడి గొర్రెలు. అవి ఈనితేనే మామకు ఏడాది గడిచేది.

కొన్నాళ్లకు పశువుల డాక్టరు ఊళ్లో ఉచిత శిబిరం పెట్టి గొర్రెలకు జలగల మందు తాగించాడు. నేనూ వెళ్లాను. సీసా మీద పేరు చూడగానే ఒళ్లు మండింది. ఆ మందు పెద్ద జలగలనే చంపుతుంది. ఈ గొర్రెల్లో అప్పటికి ఉన్నవి పిల్ల జలగలే.

"డాక్టరు గారూ, పిల్ల జలగల్ని కూడా చంపే మందు కావాలి వీటికి" అన్నాను.

"మా దగ్గర ఉండేదే ఇస్తాం గదమ్మా. పైనుంచి పంపించింది ఇదే" అన్నాడాయన, ఇంకో గొర్రె నోరు తెరుస్తూ. పైవాళ్లను అడగాలన్న ఆలోచనే ఆయనకు లేదు. ఫొటోలు మాత్రం ఓపిగ్గా దిగాడు.

ఆ రోజే నెల్లూరు వెళ్లి మందుల షాపులన్నీ తిరిగాను. అడిగేవాళ్లు లేరు కాబట్టి ఆ మందు తెప్పించడం లేదన్నారు. ఆర్డరు ఇచ్చాను. అది రాకముందే చూడి గొర్రెలు పడిపోవడం మొదలైంది.

మొదట చచ్చినదాన్ని యూరియా సంచి మీద పడుకోబెట్టి నేనే కోశాను. కార్జమంతా నెత్తుటి సొరంగాలు. వాటిలో నూకలంత జలగపిల్లలు కదులుతున్నాయి.

మందు త్వరగా తెప్పించే దారి చెబుతాడని మా గైడుకు ఫోన్ చేశాను.

"బతికున్న పిల్లలే దొరికాయా? ఈ దశవి దొరకడం ఎంత కష్టమో నీకు తెలుసుగా. వెంటనే ఐసులో పెట్టు" అన్నాడు. సంతోషం దాచుకోలేదు. మందు మాట ఎత్తితే, "అది మన పని కాదమ్మా" అన్నాడు. ఫోన్ కాలవలోకి విసిరేద్దామన్నంత కోపం వచ్చింది.

ఐసు మామే తెచ్చాడు, పక్క రొయ్యల గుంట దగ్గర అడిగి, థర్మోకోల్ పెట్టెలో. నేను జలగల్ని ఏరి గొట్టాల్లో వేస్తుంటే ఎదురుగా కూర్చున్నాడు.

"తీసకపో పాపా. వీటిని సంపే మందేందో కనిపెట్టండి" అన్నాడు.

"మందు ఎప్పట్నుంచో ఉంది మామా."

ఆయన నా వైపు, పెట్టె వైపు చూశాడు.

"ఉంటే మరి, నువ్వు వీటిని ఐసులో పెట్టేది దేనికి?"

నాకు మామ మీదే కోపం వచ్చింది. అంతలో మందలో ఇంకోటి మోకాళ్ల మీద కూలింది. ఆయన లేచి అటు పోయాడు. నేను పెట్టెకు మూత పెట్టాను.