ఇల్లి బా

మన ఈడు వాళ్ళకు గుర్తుందా, ఉమ్మితో తుడిచిన పలక వాసన? ఇవాళ మనవరాలు తుడుస్తుంటే ముక్కుకు తగిలింది.

బీదర్ పక్క మా ఊరి కన్నడ బడిలో మొదటిరోజు సారు మా సువార్తక్కను "ఇల్లి బా" అన్నాడు, ఇక్కడికి రా అని. తెలుగు తప్ప తెలియని అక్క, ఇల్లు అంటున్నాడనుకుని పలకతో ఇంటికొచ్చేసింది. మర్నాడు సారు ఆమెను "దడ్డి" అని, అంటే మొద్దు అని, పిల్లలందరిచేతా అనిపించాడు.

"దీని తలకాయల ఏం లేదంట, మేకలెంబడి తోలు," అన్నాడు నాయిన అమ్మతో. పలక నాకిచ్చారు.

ఆ సారు రిటైరయ్యేదాకా మా మధ్యే ఉన్నాడు. తెలుగు ముక్క రాలేదు. ఆయన్నెవరూ మొద్దు అనలేదు.

ఇవాళ మనవరాలు పలక చూపించి, "అవ్వా, ఇదేం అక్షరం?" అంటే అక్క నవ్వింది. "నాకేమెర్క బిడ్డా, నేను దడ్డిని."

బడిలో అక్క నేర్చుకున్న కన్నడ మాట అదొక్కటే.