మేము ముంచని మొదటి కడవ

బండలోనుంచి నీళ్ళు రప్పించిన దేవునికి స్తోత్రం. మనుషులు మరిచిన చోట్లను మరవని తండ్రికే మహిమ కలుగును గాక.

పల్నాటికి ఉత్తరపు చివర, కృష్ణ ఒడ్డున ఉండేది మా పంచాయతీ. అవతలి ఒడ్డు నైజాం. ఇవతల నాపరాయి, తుమ్మచెట్లు, విసిరేసినట్టు అక్కడొకటి ఇక్కడొకటి ఇళ్ళు. పందొమ్మిది వందల నలభైలలో నేను చిన్నపిల్లని. జనం తక్కువని మాకు రోడ్డు రాలేదు, బడి రాలేదు. ఊళ్ళో బావిని మా పల్లెవాళ్ళను ముట్టనిచ్చేవాళ్ళు కాదు, నీళ్ళకు మా ఆడవాళ్ళు నిటారు గట్టు దిగి ఏటికి పోవాల్సిందే. అమ్మ అప్పుడు నిండు చూలాలు. నిండు కడవతో గట్టెక్కుతూ మధ్యలో ఒక బండమీద కూలబడేది.

ఆ వేసవిలో పంచాయతీ ప్రెసిడెంటు మా తాతను పిలిపించాడు. తాత మా క్రైస్తవ సంఘానికి పెద్ద. "కూలి ఇవ్వలేం. తవ్వుకోండి, బావి మీదే" అన్నాడు ప్రెసిడెంటు. పల్లె మొత్తం గడ్డపారలు పట్టింది. అమ్మ తప్ప ఆడవాళ్ళంతా రాళ్ళు మోశారు. ఒక సాయంత్రం అడుగున తడి కనిపించింది. తెల్లారేసరికి మోకాలి లోతు నీళ్ళు.

అమ్మ కడవ తీసుకుని గబగబా వచ్చింది. తాత అడ్డం నిలబడ్డాడు.

"ఆగవే తల్లీ. ప్రథమ ఫలం దేవునిది. అయ్యగారొచ్చి ప్రార్థన చేసినాకే తోడాల."

"ఎప్పుడొస్తారు మామా ఆయన? నా కాళ్ళు చూడు, ఎట్టా ఉబ్బినయ్యో."

"బల్ల ఆదివారానికి. ఇన్నేళ్ళు ఆగినాం, ఇంకొన్నాళ్ళు ఆగలేమా?"

కొత్త పొయ్యి వెలిగించాలన్నా, మొదటి జొన్నకంకి విరవాలన్నా మా సంఘంలో అదే కట్టుబాటు. పాస్టరుగారికి తిరగాల్సిన ఊళ్ళు చానా ఉండేవి. ప్రభువు బల్ల ఇచ్చే ఆదివారం మాత్రమే, నెలకొకసారి, మా దగ్గరికి వచ్చేవారు. బావికి తాటాకులు కప్పాం. దాని పక్కనుంచే పాటలు పాడుకుంటూ ఏటికి పోయాం.

ఆ ఎండలకు ఊళ్ళో బావి అడుగంటింది. ఆదివారం రాకముందే ఒక ఉదయం ఊరివాళ్ళు డప్పులతో వచ్చి తాటాకులు లాగేశారు. బావి గట్టుకు పసుపు పూసి, గంగమ్మకు కొబ్బరికాయ కొట్టి, నీళ్ళు తోడుకున్నారు.

"ఇది మా పల్లె బావి గదయ్యా" అన్నాడు తాత, దూరంగా నిలబడే.

"మీదైతే ఇన్నాళ్ళు తోడుకోలేదేందిరా?" అన్నాడు మునసబు. "నీళ్ళు పడ్డాక కూడా కడవ ముంచని జనాన్ని మిమ్మల్నే చూశా." అందరూ నవ్వారు. "ముందు తోడింది మేము. ఇంక మీ కడవలు దీన్లో పడనిస్తామా?"

ప్రెసిడెంటు అక్కడే ఉన్నాడు. మొహం తిప్పుకున్నాడు.

ఆదివారం పాస్టరుగారు మా గుడిసె ముందు మోకరించి, మాకు సహనం ఇవ్వమని ప్రార్థించారు. ఆయన లేచాక అమ్మ అడిగింది: "అయ్యగారూ, దప్పికైనోళ్ళని ఆగమన్నది దేవుడా, మీరా?"

ఆయన గొడుగు తీసుకున్నారు. తాత తల ఎత్తలేదు. అమ్మ కడవ ఎత్తుకుని ఏటికి బయలుదేరింది.

తిరిగి వస్తుంటే గట్టుమీదే నొప్పులొచ్చాయి. తమ్ముడు ఆ బండమీదే పుట్టాడు. ఏడవలేదు.

తవ్వినవాళ్ళ బావులను ఇతరులు లాక్కున్న కథ లేఖనాల్లో ఉంది. చివరికి వాళ్ళకు తగాదా లేని బావి ఒకటి దొరుకుతుంది. మా పల్లెకు దొరకలేదు. ఆ పేజీ వచ్చినప్పుడల్లా అక్కడే ఆపి పుస్తకం మూసేస్తాను. అయినా దేవుణ్ణి విడవలేదు.

చదివే మీరూ నాతో మోకరించి ఈ మాట అనండి: ప్రభువా, దప్పిగొన్నవాళ్ళ కడవకు ఎవ్వరూ, నీ పేరు చెప్పి కూడా, అడ్డం నిలబడకుండా చూడు. ఆమేన్.