మంగాయమ్మ వేసిన ఒట్టు

మంగాయమ్మ మీద నాకు ఇప్పటికీ కోపమే. ఎదురుగా ఎన్నిసార్లు తిట్టినా తీరలేదు కాబట్టి ఇక్కడ అంటున్నాను. రంగూన్‌లో మింగళ తౌంగ్‌న్యున్ అనే పేటలో మా వీధి చివరి ఇల్లు ఆమెది. రోజూ పొద్దున్నే నాలుగు టీ దుకాణాలకు పప్పు వడలు వేసి పంపుతుంది. ఏళ్ళ తరబడి శనగపప్పు రుబ్బడంతో కుడి భుజం కిందికి వాలిపోయింది. మొగుడి పేరు దేముడు. రేవులో పనిచేసేవాడు, పోయి తొమ్మిదేళ్ళయింది. ఉన్నది ఒక్కగానొక్క కూతురు పావని. ఆ పిల్ల కోసం మంగాయమ్మ ఏమైనా చేస్తుందని వీధిలో అందరికీ తెలుసు. ఇలాంటి పని చేస్తుందని మాత్రం ఎవరూ అనుకోలేదు, నేను అసలే అనుకోలేదు.

ముందు నా తప్పు ఒప్పుకోవాలి. నా పేరు నరసింహం. ఒక జిరాక్స్ మిషను పెట్టుకుని, వచ్చినవాళ్ళకు ఫారాలు నింపిపెట్టి బతుకుతున్నాను. మా తాతలు విశాఖ, సికాకోలు వైపు నుంచి మూటలు మొయ్యడానికి ఈ రంగూన్ రేవుకు వచ్చారు. ఇన్ని తరాలైనా మావాళ్ళలో కొందరికి పూర్తి పౌరులకిచ్చే గులాబీ రంగు కార్డు చేతికి రాలేదు. దేముడికీ రాలేదు, మంగాయమ్మకీ రాలేదు. పావని పుట్టినప్పుడు, పిల్లకైనా ఆ కార్డు రావాలని ఆలోచన చేశారు. మంగాయమ్మ చెల్లెలు బేబీ, కిన్ మౌంగ్ అనే బర్మా అతన్ని పెళ్ళి చేసుకుని ఊళ్ళోనే ఇంకో పేట లమ్మడాలో కాపురముంటోంది. అతను టాక్సీ నడుపుతాడు, మంచివాడు. వాళ్ళకు పిల్లల్లేరు. పావనిని వాళ్ళ ఇంటి చిట్టాలో, అంటే సర్కారు రాసుకునే ఇంటి మనుషుల జాబితాలో, వాళ్ళకు పుట్టిన కూతురిగా, జా మిన్ అనే పేరుతో రాయించారు. ఆ ఫారం నింపిన మహానుభావుణ్ణి నేనే. కాగితం మీదే కదమ్మా, నీ పిల్ల నీ దగ్గరే ఉంటుంది, అని ధైర్యం కూడా చెప్పాను.

పందొమ్మిదేళ్ళు ఏ ఇబ్బందీ రాలేదు. పావని మా వీధిలోనే పెరిగింది. బడికి వెళ్ళేముందు వడల బుట్టలు దుకాణాలకు చేరవేసేది, వచ్చాక చదువుకునేది. మెట్రిక్‌లో మంచి మార్కులు తెచ్చుకుంది. పోయినేడాది ఒకరోజు ఫోను పట్టుకుని నా దుకాణానికి పరుగెత్తుకొచ్చింది. థాయ్‌లాండ్ ప్రభుత్వం పొరుగు దేశాల పిల్లలకు స్కాలర్‌షిప్ ఇస్తోందట. చియాంగ్ మాయిలో నాలుగేళ్ళు నర్సింగ్ చదువు, ఫీజూ గదీ భోజనమూ అన్నీ వాళ్ళవే.

ఇక్కడ పరిస్థితి చెప్పనక్కర్లేదు. సైన్యంలో చేరాలనే చట్టం అమలులోకి వచ్చాక, పద్దెనిమిది నిండిన పిల్లలున్న ఏ ఇంట్లోనూ మనశ్శాంతి లేదు. ఆడపిల్లల్ని ఇప్పుడప్పుడే పిలవరంటారు. ఆ మాట నమ్ముకుని ఏ తల్లి నిశ్చింతగా ఉంటుంది? పావని పరీక్ష రాసింది, ఇంటర్వ్యూకి వెళ్ళింది, ఎంపికయింది. ఆ వార్త విని మంగాయమ్మ నా దుకాణం ముందు నిలబడి ఏడ్చింది. నేనూ ఏడ్చాను, దాచుకోవడం ఎందుకు.

వారం తిరక్కుండా ఇంకో ఉత్తరం వచ్చింది. చదువు మధ్యలో మానేయనని రాసే ఒప్పందం మీద తల్లిదండ్రులు సంతకం చేయాలి. సంతకం పెట్టినవాళ్ళే తల్లిదండ్రులని వాళ్ళ వార్డు పెద్ద ధ్రువపత్రం ఇవ్వాలి. పది రోజుల్లో అందకపోతే ఆ సీటు జాబితాలో తరువాతి పిల్లకు పోతుంది.

లమ్మడా వార్డు పెద్ద ఇంటి చిట్టా చూశాడు, పిల్లను చూశాడు. ఈ అమ్మాయిని మీ ఇంట్లో ఎప్పుడూ చూసిన గుర్తు లేదే అన్నాడు. పెద్దమ్మ ఇంటి పక్కన బడి ఉందని అక్కడ ఉంచి చదివించామని కిన్ మౌంగ్ సర్దిచెప్పాడు. ఆయన కాదనలేదు, అవుననలేదు. పిల్లను పుట్టినప్పటి నుంచి ఎరిగిన ఇద్దరు సాక్షుల్ని తీసుకురమ్మన్నాడు.

నేనొకణ్ణి, దేముడితో రేవులో పనిచేసిన ముసలి బంగారయ్య ఇంకొకడు. మంగాయమ్మను మాత్రం రావద్దని మరీ మరీ చెప్పాను. వింటేనా? వడల పని పక్కింటావిడకు అప్పజెప్పి మా వెనకే బస్సెక్కింది. లోపలికి రాననీ, బయట బెంచీ మీద కూర్చుంటాననీ అంది.

ఆ వార్డు పెద్ద చిన్నప్పుడు మావాళ్ళ సందులోనే పెరిగాడు. మావాళ్ళు కాగితం మీద దేనికైనా సంతకం పెడతారని ఆయనకు తెలుసు. పిల్ల తల మీద చెయ్యేసి మాత్రం అబద్ధం ఆడరనీ తెలుసు. అలా ఆడితే ఆ పిల్ల దక్కదని మా నమ్మకం. నేను రోజూ ఫారాలు పట్టుకొచ్చేవాణ్ణే కాబట్టి నా సంతకం ఊరికే తీసుకున్నాడు. బంగారయ్యను మాత్రం, అమ్మాయి తల మీద చెయ్యి పెట్టి, ఈ పిల్ల వీళ్ళకే పుట్టిందని చెప్పమన్నాడు. బంగారయ్య చెయ్యి చాపబోయినవాడల్లా వెనక్కి తీసుకున్నాడు.

"ఇంత పని నావల్ల కాదు నరసింహం. మనవలున్నోణ్ణి" అని తెలుగులో నాతో అనేసి, చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు.

పెద్దాయన పెన్ను మూత పెట్టాడు. అప్పుడు మంగాయమ్మ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. నువ్వెవరని అడిగాడాయన. బేబీ అక్కని, పిల్లకు పెద్దమ్మని అంది. సొంత అక్కవైతే ఇంకా మంచిది, నువ్వు చెప్పు అన్నాడాయన.

నేను కళ్ళతో వద్దన్నాను. ఆమె నావైపు చూడనేలేదు. నేరుగా వెళ్ళి పావని తల మీద చెయ్యి పెట్టింది. చేతికి శనగపప్పు వాసన కూడా పోలేదు. పిల్ల తలెత్తి తల్లి ముఖం చూసి, నోరు తెరిస్తే అంతా పోతుందని తెలిసి పెదవి కొరుక్కుంది. మంగాయమ్మ బర్మీస్‌లో, తడబడకుండా, ఈ పిల్ల నా చెల్లెలు బేబీకి పుట్టిన పిల్ల, నేను దగ్గరుండి పురుడు చూశాను అని చెప్పింది. పెద్దాయన తల ఊపి ముద్ర వేశాడు.

మూడో రోజు పావనికి జ్వరం పట్టుకుంది. వానాకాలం, వీధిలో సగం మందికి జ్వరాలే. మంగాయమ్మకు ఆ సగం మంది కనపడలేదు. గుడికి వెళ్ళి పూజారినడిగింది. అభిషేకం చేయిద్దామన్నాడు. అది ఆమెకు చాల్లేదు. నా దుకాణానికొచ్చింది.

"అన్నియ్యా, ఒట్టు ఎనక్కి తీసుకోడానికి ఫారం ఏటైనా ఉందా?" అని అడిగింది.

ఎగతాళి కాదు, నిజంగానే అడిగింది. నాకు ఒళ్ళు మండింది. పోయి పిల్లకు మాత్ర వెయ్యి, ఈ పిచ్చి మాటలు కట్టిపెట్టు అని కేకలేశాను. ఆమె కదల్లేదు. మిషను పక్కనే నిలబడి ఇంకో మాట అడిగింది.

"ఒట్టు అబద్దమైతేనే కదా పిల్లకి తగుల్తాది. నిజం సేసేస్తే?"

అదేమిటో ఆదివారం వరకూ నాకు అర్థం కాలేదు. ఆ రోజు నన్ను లమ్మడా రమ్మంది. కొత్త చీర, పసుపు కుంకుమ, గాజులు తెచ్చింది. చాప మీద బేబీని కూర్చోబెట్టి, జ్వరంతో తూలుతున్న పందొమ్మిదేళ్ళ పిల్లను తెచ్చి, దత్తత ఇచ్చేటప్పుడు పసిబిడ్డను పెట్టినట్టు ఆమె ఒళ్ళో కూర్చోబెట్టింది. నేటి నుంచి ఇది నీ కూతురు, నాకు తల్లి వరస లేదు, అంది. కిన్ మౌంగ్‌కి తెలుగు సగమే వచ్చు, ఏం జరుగుతోందని నన్నడిగాడు.

పావని లేచి వెళ్ళిపోబోయింది. నన్నడిగారా మీరిద్దరూ, అని అరిచింది. బేబీ నాకొద్దప్పా ఇలాగ, నాకొద్దు, అని అక్కతో అంటూ ఏడుస్తూనే ఉంది గాని, చేతులు మాత్రం పిల్ల నడుము చుట్టూ గట్టిగా బిగుసుకున్నాయి. అది నేను చూశాను. మంగాయమ్మ కూడా చూసింది. చూసి తల తిప్పుకుంది.

జ్వరం రెండు రోజుల్లో తగ్గింది. మాత్రలు పనిచేశాయని నేనంటాను. ఆ తరువాత పావని సామాను లమ్మడాకు చేరింది, ప్రయాణం అక్కడి నుంచే. విమానాశ్రయంలో బేబీ, కిన్ మౌంగ్ పిల్లకు చెరో పక్కన నడిచారు. మంగాయమ్మ నాతో పాటు వెనక ఉండిపోయింది. వెళ్ళి ఒకసారి దగ్గరకు తీసుకోవే అన్నాను. పెద్దమ్మ ఎంత దగ్గరకి తీసుకుంటుందో అంతే తీసుకుంది.

పావని అక్కడ బాగానే చదువుతోంది. వారానికోసారి నా దుకాణం ఫోనుకు వీడియో కాల్ చేస్తుంది. మొదట్లో అమ్మా అని పిలిచేది. మంగాయమ్మ ఒప్పుకునేది కాదు. అమ్మ లమ్మడాలో ఉన్నాది, ఆవిడికి సెయ్యి, నాను పెద్దమ్మని, అని ఫోను నా చేతిలో పెట్టేసేది. పిల్ల అవతల వెక్కి వెక్కి ఏడ్చేది. ఇంత కసాయిదానివేమిటే అని నేను తిట్టేవాణ్ణి. ఒట్టు నిజంగా ఉండాలి అన్నియ్యా, దానికేటైనా అయితే నువ్వు తెస్తావా, అనేది. రెండు నెలలు ఇదే గొడవ.

మొన్న కాల్ వచ్చింది. పావని తెల్ల యూనిఫారంలో ఉంది, కాస్త ఒళ్ళు చేసింది. ముఖం మామూలుగా పెట్టుకుని, "పెద్దమ్మా, అన్నం తిన్నావా?" అంది.

మంగాయమ్మ తిన్నానంది. అక్కడ వానలు పడుతున్నాయా, కూరలు కారంగా ఉంటున్నాయా అని అన్నీ అడిగింది, నవ్వింది కూడా. చదువుకోమని చెప్పి తనే ఫోను ఆపింది.

"ఇన్నావా అన్నియ్యా? బాగానే అలవాటైపోనాది దానికి" అంది.

ఆ మాట అంటూనే మిషను పక్కన నేల మీద కూలబడిపోయింది.