గాజు కింద ఉత్తరం

మొన్న మామిడిపండ్ల బుట్ట విప్పగానే ఎండుగడ్డి వాసన గుప్పుమంది. ఆ వాసనతో పాటే సూర్యనారాయణగారు గుర్తొచ్చారు. అరవైల మొదట్లో నూజివీడులో మామిడి రైతుల సంఘానికి ఆయన సెక్రటరీ, నేను గుమాస్తాని. ఆడపిల్లకి ఆఫీసులో ఉద్యోగమేమిటని ఊరంతా బుగ్గలు నొక్కుకుంటే, "చేతిరాత బాగుంది, రేపట్నుంచి రామ్మా" అన్న మనిషి ఆయన.

నేను చేరడానికి ముందటేడు సంఘం కలకత్తా పంపిన బంగినపల్లి కాయ సగం వ్యాగన్లోనే కుళ్లిపోయింది. మళ్లీ అలాగే అయితే సంఘం మూతపడటం ఖాయం, చిన్న రైతులు మళ్లీ దళారుల గుమ్మం తొక్కాల్సిందే. గట్టి బుట్టలకు వెంటనే ధరలు తెప్పించమన్నారు ప్రెసిడెంటుగారు. నేను ఉత్సాహంగా కొటేషన్ ఉత్తరం రాసి సంతకానికి పెట్టాను. ఇన్ని బుట్టలు, ఇంత కొలత, మీ ధర తెలపండి అని. సూర్యనారాయణగారు కలం మూత తియ్యలేదు.

"కాయ ఎందుకు కుళ్లిందో తెలుసా అమ్మా?"

"తెలీదండి."

"నాకూ తెలీదు. మరి కొలతలెట్టా రాశావు? జబ్బేంటో చెప్పకుండా డాక్టర్ని మందు ఖరీదు అడుగుతామా?"

ఏమీ తెలియనప్పుడు వివరాలు అడుగుతూ ఒక ఉత్తరం రాయాలట. ఏం కావాలో తెలిసి, దారి తెలియకపోతే ఉపాయం అడుగుతూ ఇంకొకటి. అన్నీ తేలాకే ధరల ఉత్తరం. నాకైతే ఒళ్లు మండింది. కాయ ముదురుతుంటే ఈ చాదస్తమేమిటని గొణుక్కుంటూనే బుట్టలవాళ్లందరికీ మళ్లీ రాశాను: "మా కాయ దారిలో కుళ్లుతోంది. మీరైతే ఎలా పంపుతారు?"

పది రోజులు గడిచాయి. ప్రెసిడెంటుగారు రోజూ వచ్చి చిందులు తొక్కేవారు. వచ్చిన ఒకటి రెండు జవాబుల్లో పస లేదు. చివరికి ముందటేడు మాకు బుట్టలు అల్లిచ్చిన ముసునూరు గంగయ్య, ఉత్తరం ఎవరిచేతో చదివించుకుని తనే వచ్చాడు.

"బుట్ట గట్టిదైతే ఏం లాభమండీ? ఒకదాని మీద ఒకటి ఎక్కిస్తే బరువంతా కింద కాయ మీద పడుద్ది. గాలాడదు. మధ్యలో చెక్కలేసి అరల్లాగా పేర్చండి. గడ్డి బాగా ఎండింది వెయ్యండి."

"పోయినేడే చెప్పొచ్చుగా గంగయ్యా?" అన్నాను.

"నన్నడిగింది బుట్ట ధరే కదమ్మా."

సూర్యనారాయణగారు తల వంచుకున్నారు. ఆయన బల్ల గాజు కింద ఒక కాగితం ఉండేది. ఏదో ప్రశంసాపత్రం అనుకునేదాన్ని. ఆ రోజు దాన్ని బయటికి తీసి నాకిచ్చారు. ముందటేటి కొటేషన్ ఉత్తరం అది. "సంతకం నాదేనమ్మా" అన్నారు. ఆయన మీద విసుక్కున్నందుకు నాకు సిగ్గేసింది.

మర్నాడు బుట్టలకూ చెక్కలకూ ధరల ఉత్తరం రాయించారు. ఆ ఏడు కాయ చెడకుండా చేరిందని కలకత్తా నుంచి తంతి వస్తే, ఆయన రెండుసార్లు చదువుకుని కళ్లజోడు తుడుచుకున్నారు.

రిటైరైన రోజు ఆ పాత ఉత్తరం నా చేతిలో పెట్టి, "తొందర పుట్టినప్పుడు చూసుకో" అన్నారు. ఇప్పుడది నా బల్ల గాజు కింద ఉంది. దాని పక్కనే నేను ఉత్సాహంగా రాసిన ఆ మొదటి ఉత్తరమూ పెట్టుకున్నాను. అందులో ఆయన సంతకం పెట్టాల్సిన చోటు ఇప్పటికీ ఖాళీయే.