బెరడు ఒలిచిన కట్టెలు

చెట్టుకు చెవి ఆనించి వినే అలవాటు ఒకటుంది దేవమ్మకు. కొత్తకోట అవతల వాళ్ల ఇంటి ముందున్న మామిడిని కాపురానికి వచ్చిన ఏడు ఆమే నాటింది. వాడకట్టులో అందరి ఆవకాయ జాడీల్లోకీ దాని పులుపే పోతుంది. 2006 వేసవిలో ఆ చెట్టు మొదట్లో రంపపు పొట్టులాంటిది రాలసాగింది. చెవి పెడితే లోపల కరకరమని నమిలే చప్పుడు.

"పురుగు పట్టిందే. ఇగ ఈ చెట్టు లేదనుకో," అన్నాడు పెనిమిటి ఇస్రాయేలు. హైవే మీద లారీ టైర్లకు పంక్చర్లు వేస్తాడు. ఏ టైరు బతుకుతుందో, ఏది బతకదో చూపుతోనే తేల్చేసే మనిషి.

"నువ్వు అనుకో. నేను అనుకోను."

అతని దుకాణంలోంచే పాత సైకిల్ చక్రం పుల్ల తెచ్చి, కొసను కొక్కెంలా వంచి, పొట్టు రాలే బొక్కలోకి దూర్చింది. చాలాసేపు తిప్పితే పురుగు చిక్కింది. వేలెడు పొడుగు, మీగడ రంగు. కాళ్లు లేవు. తల సగం ఒంట్లోకే కుంగిపోయింది, బయటికి కనిపించేవి రెండు నల్లటి దవడలే. వాటితోనే మానును తొలుచుకుంటూ, నమిలిన పొట్టును వెనక్కి నెడుతూ పోతుంది.

"కాళ్లు లేకున్నా తిండికి తక్వ లేదు. అచ్చం నీ తమ్ముని లెక్క," అని దాన్ని కోళ్లకు వేసింది. బొక్కలో కిరోసిన్‌లో తడిపిన దూది కుక్కి మన్ను మెత్తింది.

దొరికిన బొక్కలన్నీ అలాగే మూసింది. చెట్టు లోపల చప్పుడు ఆగింది. ఒక మధ్యాహ్నం, చెట్టు మొదలు పక్కనే పేర్చిన కట్టెలకు వీపు ఆనించి కూర్చుంటే, అదే కరకర వీపు వెనక వినిపించింది.

ఆ కట్టెలు ఈ చెట్టువే. ఎండుతున్న కొమ్మను ఇస్రాయేలు మొన్న కొట్టి, బెరడుతోనే పేర్చాడు. క్రిస్మస్ విందుకు కట్టెలు ఇస్తానని చర్చిలో సంఘం ముందు నిలబడి చెప్పాడు. వాళ్ల దగ్గర అలా మాట ఇచ్చిన కట్టెలు ఇంటి పొయ్యిలో పెట్టరు.

దేవమ్మ ఒక బెరడు ఊడదీసింది. కింద వంకర దారులు, నిండా పొట్టు. మొద్దు చీలిస్తే గుంతలో రెక్కలొచ్చిన పురుగు: బూడిదరంగు పెంకు, దాని మీద పసుపు చుక్కలు, ఒంటికన్నా పొడవైన మీసాలు పక్కలకు మడుచుకుని ఉంది. ముట్టుకుంటే మెడ రుద్దుకుని కీచుమంది. వాన పడగానే ఇది బయటికి వస్తుంది. ఆడపురుగు పచ్చి చెట్టు బెరడు కొరికి, ఆ గాటులో గుడ్డు పెడుతుంది. పచ్చి చెట్టు చెయ్యి చాపితే అందేంత దూరంలోనే ఉంది.

"కాలవెడ్త," అంది.

"మాటిచ్చిన కట్టెలే అవి. రేపు పాస్టరు మొకం ఎట్ల చూడాలె?"

"నువ్వు ఇస్తనన్నది కట్టెలా, పురుగులా?"

"కట్టెలే."

"అయితె కట్టెలే పోతయి."

గొడ్డలి పట్టింది. పడమట మబ్బులు కమ్ముతున్నాయి. ఒక్కో మొద్దుకు బెరడు ఒలిచి, చీల్చి, పురుగులు ఏరింది. అరచేతులు బొబ్బలెక్కినా గొడ్డలి వదలలేదు. ఇస్రాయేలు దుకాణం మూసి, టైర్లు విప్పే ఇనుప పట్టీతో వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. పట్టీ కొస దూర్చి ఎత్తితే బెరడు చాపలా లేచింది.

"టైరుకన్నా అల్కగనే ఉంది," అన్నాడు.

"ముందుగాల రావద్దా? ఇంతకూ బెరడు గూడ ఇస్తనన్నవా సంఘానికి?"

ఆలోచించాడు. "బెరడు ముచ్చట రాలే."

బెరడు మొత్తం ఇంటి పొయ్యిలోకి పోయింది.

వానలొచ్చాయి. పొట్టు మళ్లీ రాలలేదు. కొమ్మల చివర్ల ఎర్రటి లేతాకు వేసింది. క్రిస్మస్ నాడు సంఘం విందుకు వంట చేస్తున్న ఏసురత్నం నున్నటి కట్టెలు చూసి, "ఏందక్కా, కట్టెలకు గుండు గీకించిన్రా?" అన్నాడు.

"లోపల చుట్టాలుండిరి. సాగనంపినం," అంది దేవమ్మ.

ఇప్పటికీ తొలకరి పడగానే ఆమె మానుకు చెవి ఆనిస్తుంది. గడపలోంచి ఇస్రాయేలు అడుగుతాడు, "ఏమంటున్నదే?"

"ఏమంటలే," అని వచ్చి పొయ్యి రాజేస్తుంది.